"మల్ల పులిహోరనేనా" అన్నాడు. ఇంక షెల్టర్‌కి వెళ్ళాలా, మానేయాలా?

హైదరాబాద్‌లో కూకట్‌పల్లి వైపు అపార్ట్‌మెంట్‌లో ఉండే ఒకావిడ రాసిన ఉత్తరం ఇది. పేరు వద్దన్నారు. ఉత్తరం చాలా పెద్దది కాబట్టి ముఖ్యమైన సంగతులు నా మాటల్లో చెప్తున్నాను.

ఆవిడకి 54 ఏళ్ళు, సొంతూరు తెనాలి దగ్గర. భర్త బ్యాంకులో చేసి రిటైరయ్యారు, అమ్మాయి బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది. అపార్ట్‌మెంట్‌లో ఏడెనిమిది మంది ఆడవాళ్ళు కలిసి రెండేళ్ళ నుంచి ప్రతి ఆదివారం సాయంత్రం ఒక పెద్ద గవర్నమెంట్ హాస్పిటల్ దగ్గరున్న నైట్ షెల్టర్‌కి వంట చేసి తీసుకెళ్తున్నారు. అక్కడ అరవై మంది దాకా మగవాళ్ళు ఉంటారు. ఇళ్ళ దగ్గరే వండుకుని పక్క ఫ్లాట్ ఆవిడ కారులో పెట్టుకుని ఏడింటికల్లా వెళ్ళి, వడ్డించి, ఎనిమిదిన్నరకి ఇంటికొచ్చేస్తారు. ఎక్కువసార్లు పులిహోర, ఒక స్వీటు, ఎవరిదైనా పుట్టినరోజైతే కేకు కూడా.

నెల క్రితం ఒక పెద్దాయన ప్లేట్ చూసి వెనక్కి తోసేశాడట. "మల్ల పులిహోరనేనా? మీ ఇంట్ల పుట్టినా పులిహోరనే, సచ్చినా పులిహోరనే. మాకు నోరు లేదా?" అన్నాడట. పక్క ఫ్లాట్ ఆవిడకి కోపం వచ్చి గట్టిగానే మందలించారు, ఇంకొకావిడ అప్పటికే ఫోన్‌లో వీడియో తీస్తున్నారు, అది అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లోకి వెళ్ళింది, కింద "ఇలాంటి వాళ్ళకా మనం చేస్తున్నది" అని కామెంట్లు. అప్పట్నించి వీళ్ళ కారు రాగానే ఆ పెద్దాయన లేచి బయట టీ కొట్టు దగ్గరికి పోయి, వీళ్ళు వెళ్ళేదాకా లోపలికి రావట్లేదట.

ఇంకోటి కూడా జరిగింది. షెల్టర్ కేర్‌టేకర్ ఈవిడని పక్కకి పిలిచి "మేడమ్, ఇక్కడ వంటగది ఉంది, పొయ్యి ఉంది, మీరు వారం మధ్యలో ఎప్పుడైనా ఒక పూట వచ్చి ఇక్కడే అన్నం, పప్పు, చారు వండితే బాగుంటది" అన్నాడట. గ్రూపులో చెప్తే ఎవరూ ఒప్పుకోలేదు, అక్కడ వాసన, బాత్రూములు, మగవాళ్ళ మధ్య వంటేంటి అన్నారు. భర్త మాటలు పడి మరీ వెళ్ళడం ఎందుకంటున్నారు. అమ్మాయి "డబ్బులు పంపించెయ్ అమ్మా, వాళ్ళే చూసుకుంటారు" అంటోంది.

ఆవిడ ఈ పని ఎందుకు మొదలుపెట్టారో కూడా రాశారు. వాళ్ళ నాన్నగారికి చివర్లో మతిమరుపు జబ్బు వచ్చి ఒకసారి ఇల్లు దాటి వెళ్ళిపోయి రెండ్రోజులకి విజయవాడ బస్టాండ్‌లో దొరికారు. ఆ రెండ్రోజులూ ఎవరో ఆయనకి మజ్జిగన్నం పెట్టారట, ఎవరో ఇప్పటికీ తెలీదు. "ఆ రుణం తీర్చుకుందామనే కదండీ నేను వెళ్తున్నది, దానికి నాకిదా దక్కింది? ఆ రోజు నించి నాకు అన్నం సయించట్లేదు. మానేస్తే నాన్న గుర్తొస్తున్నారు, వెళ్తే ఆ మనిషి మొహం చూడలేకపోతున్నా. ఏం చెయ్యమంటారు? ఆయన మళ్ళీ మా చేతి అన్నం తింటాడంటారా?" అని అడిగారు. చివర్లో ఒక చిన్న సందేహం కూడా రాశారు, నెలాఖరులో బంధువుల ఇంట్లో పెళ్ళి ఉందట, మిగిలిన భోజనాలు షెల్టర్‌కి తీసుకెళ్ళొచ్చా అని. దాని సంగతి చివర్లో చెప్తాను.

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండేళ్ళు ఆదివారం సాయంత్రాలు వదులుకుని అరవై మందికి వండి తీసుకెళ్ళడం చిన్న పని కాదు, మీకు నొప్పి కలగడంలో తప్పేమీ లేదు. కానీ ఆ నొప్పిలో మూడు నాలుగు వేరువేరు సంగతులు ఒకదాన్నొకటి పెనవేసుకుపోయాయి, విడదీసి చూస్తే మీకే తేలికవుతుంది.

ముందు ఆ పులిహోర సంగతి. అసలు అందరూ పులిహోరే ఎందుకు తీసుకెళ్తారో ఆలోచించారా? చింతపండు పులుపు వల్ల త్వరగా పాడవదు, పక్కన కూర అక్కర్లేదు, ఒక్క గరిటెతో వడ్డించేయొచ్చు, కారులో ఒలికిపోదు. ఇవన్నీ తీసుకెళ్ళేవాళ్ళకి ఉన్న సౌకర్యాలు, తినేవాళ్ళకి వీటిలో ఒక్కటీ పనికిరాదు. ఆ షెల్టర్‌కి మీరొక్కరే వెళ్ళట్లేదు కూడా. గుళ్ళ నుంచి, ఆఫీసుల నుంచి, అమావాస్యకి, తద్దినాలకి, పుట్టినరోజులకి ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు, వచ్చినవాళ్ళలో ఎక్కువమంది తెచ్చేది పులిహోర, దద్ధ్యోజనం, ఏదో స్వీటు. అదీ ఆదివారాలు, పండగలప్పుడు ఒకేసారి వచ్చి పడుతుంది, మంగళవారం బుధవారం రాత్రి మాత్రం అడిగే నాథుడుండడు. మున్సిపాలిటీ వాళ్ళ ఐదు రూపాయల భోజనం సిటీలో 2014 నుంచి ఉంది, చాలామంది దాని మీదే బతుకుతున్నారు, కానీ అది ప్రధానంగా మధ్యాహ్నం భోజనం, రాత్రి పూట ఎవరి కడుపు వాళ్ళే చూసుకోవాలి.

పైగా అక్కడ ఉండేది ఎవరు? హాస్పిటల్ పక్క షెల్టర్ అంటున్నారు కాబట్టి వయసు మళ్ళినవాళ్ళు, మందులు వాడేవాళ్ళు, కాలో చెయ్యో దెబ్బతిని పనికి పోలేని వాళ్ళు ఉండి తీరతారు. పళ్ళు లేని మనిషికి పులిహోరలో వేరుశనగపప్పు, శనగపప్పు నమలడం ఎంత కష్టమో మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళని చూస్తే తెలుస్తుంది. పొద్దున్నించి ఏమీ తినని కడుపులో చింతపండు, ఎండుమిర్చి, నూనె పడితే మంట. షుగర్ ఉన్నవాళ్ళకి స్వీటు పెడితే వద్దనలేరు, ఎందుకంటే వద్దంటే పొగరంటారని వాళ్ళకి తెలుసు. ఆ పెద్దాయన ఆ రోజు వద్దన్నాడు. ఆయనన్న మాట కటువుగా ఉంది, అది ఒప్పుకుంటాను, కానీ మాటలో అబద్ధమేమీ లేదు కదా.

మీ అమ్మాయి హాస్టల్లో ఉన్న రోజుల్లో "రోజూ ఆ ఉప్మానే అమ్మా, నేను తినను" అని ఫోన్‌లో గొడవ చేసే ఉంటుంది. మీరు తనని కృతజ్ఞత లేనిదానా అని ఉండరు, పొడులూ పచ్చళ్ళూ కట్టి పంపించి ఉంటారు. తిండి నచ్చలేదని చెప్పే హక్కు మన పిల్లకి ఉందని మనకి అనుమానమే రాదు. ఆయనకి కూడా అంతే హక్కు ఉంది.

హక్కు అన్న మాట ఊరికే అనట్లేదమ్మా. చాలామందికి తెలియని సంగతి ఒకటుంది, ఈ షెల్టర్లు ఎవరి దయాదాక్షిణ్యాల వల్లో వచ్చినవి కావు. పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంఘం 2001లో సుప్రీంకోర్టులో ఆహార హక్కు కేసు వేసింది. 2010 జనవరిలో ఢిల్లీ చలికి రోడ్డు మీద మనుషులు చచ్చిపోతున్నారన్న విషయం అదే కేసులో కోర్టు ముందుకొచ్చింది, దాంట్లోంచే ప్రతి లక్ష జనాభాకి కనీసం వంద మంది ఉండేలా ఒక షెల్టర్ పెట్టాలని, అది ఏడాది పొడుగునా ఇరవై నాలుగ్గంటలూ తెరిచి ఉండాలని అన్ని రాష్ట్రాలకీ లెక్క ఏర్పడింది. ఆ తర్వాత జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ కింద వచ్చిన గైడ్‌లైన్స్‌లో షెల్టర్‌లో వంటకి చోటు, గిన్నెలు, గ్యాస్ కనెక్షన్ ఉండాలని కూడా రాశారు. అంటే నిలవడానికి నీడ అడగడం, తిండి అడగడం ఒకే కేసులోంచి పుట్టాయి. ఆ పెద్దాయనకి ఈ కేసు గురించి తెలిసి ఉండకపోవచ్చు, కానీ ఆయన కూర్చున్న చోటు ఆయనది, అక్కడికి వచ్చేవాళ్ళం మనమే. కేర్‌టేకర్ మిమ్మల్ని అడిగింది కూడా కొత్త కోరిక కాదు, ఆ వంటగది ఉన్నదే అందుకు.

ఇప్పుడు మీ నాన్నగారి సంగతి. ఇది కొంచెం జాగ్రత్తగా చెప్పాలి. విజయవాడలో ఎవరో మీ నాన్నకి అన్నం పెట్టారు, ఆ రుణం మీరు ఇక్కడ తీర్చుకుంటున్నారు. చాలా మంచి మనసది. కానీ ఆ బాకీ మీకూ ఆ విజయవాడ మనిషికీ మధ్య ఉన్నది, ఈ పెద్దాయనకి అందులో భాగం లేదు, మీ ఇంట్లో ఏం జరిగిందో ఆయనకి తెలియనే తెలియదు. మీరు చేసిన దానికి ఆయన దగ్గర్నించి ఏదో తిరిగి రావాలని మీకు తెలియకుండానే లెక్క వేసుకున్నారు, అది రాకపోయేసరికి నాన్న విషయంలోనే అన్యాయం జరిగినట్టు అనిపించింది. అందుకే మామూలుగా ఎవరో ఒక మాటంటే తగిలే దెబ్బకంటే ఇది పదింతలు గట్టిగా తగిలింది. ఆ రెండ్రోజులూ మీ నాన్నగారు కూడా ఏ కళనున్నారో ఎవరికి తెలుసు, మతి స్థిమితం లేని మనిషి పెట్టినవాళ్ళని ఏమన్నారో, ఎన్నిసార్లు విస్తరి తోసేశారో. అయినా వాళ్ళు రెండో పూట కూడా పెట్టారు. మజ్జిగన్నం పెట్టారు అని రాశారు చూడండి, ముసలాయన తినగలిగేది చూసి పెట్టారు.

మెనూ కంటే ముందు చూడాల్సింది ఆ వీడియో. మిగతా విషయాల్లో దారులు చాలా ఉన్నాయి, మీ ఇష్టం, కానీ దీంట్లో నాకు రెండో అభిప్రాయం లేదు. షెల్టర్‌లో ఉండే చాలామంది తాము ఎక్కడున్నామో ఇంటివాళ్ళకి చెప్పరు. ఊళ్ళో కూతురికి పెళ్ళి చేసి, సిటీలో ఉద్యోగం చేస్తున్నానని వియ్యాలవారికి చెప్పినవాళ్ళుంటారు, అప్పులవాళ్ళకి దొరక్కుండా వచ్చినవాళ్ళుంటారు, కొడుకు కొట్టి వెళ్ళగొడితే ఆ సంగతి నలుగురికీ తెలియకూడదని ఇక్కడ పడుకునేవాళ్ళుంటారు. మీ అపార్ట్‌మెంట్ గ్రూపులో ఎంతమంది ఉన్నారో, వాళ్ళలో ఎవరు ఎక్కడికి ఫార్వర్డ్ చేశారో మీకు తెలీదు. నెలయ్యింది కాబట్టి అందరి ఫోన్లలోంచీ డిలీట్ చేసే టైమ్ దాటిపోయి ఉంటుంది. చెయ్యగలిగింది ఒకటే, ఆ వీడియో పెట్టినావిడతో విడిగా, నలుగురిలో కాకుండా మాట్లాడి, "అందరూ ఆ వీడియో ఫోన్లలోంచి తీసెయ్యండి, అది పెట్టకుండా ఉండాల్సింది" అని అదే గ్రూపులో ఆవిడ చేతే ఒక మెసేజ్ పెట్టించండి. ఒప్పుకోకపోతే మీరే పెట్టండి. మొహాలు ముడుచుకుంటాయి, ఒకరిద్దరు కొన్నాళ్ళు లిఫ్ట్‌లో మాట్లాడరు. అది మీరు భరించాల్సిన ఖర్చే.

ఆయనకి క్షమాపణ చెప్పాలా అని మీరు నేరుగా అడగలేదు గానీ, మొహం చూడలేకపోతున్నా అన్నారంటే మనసులో అదే ఉంది. నలుగురి ముందూ నిలబడి చెప్తే అది మళ్ళీ ఇంకో తమాషా అవుతుంది, ఆయన ఇంకా ముడుచుకుపోతాడు. టీ కొట్టు దగ్గరికి వెళ్ళి పక్కనే నిలబడి "అన్నా, ఆ రోజు వీడియో తియ్యడం తప్పు, తీసెయ్యమని చెప్పిన" అని ఒక్క ముక్క చెప్పి వచ్చేయొచ్చు, ఆయన బదులు చెప్పకపోయినా, అటు తిరిగి కూర్చున్నా సరే. అది కూడా చెయ్యలేననుకుంటే కేర్‌టేకర్ ద్వారా చెప్పించండి, అందులో తప్పు లేదు, కాకపోతే మీ నోటి నుంచి విన్నంత ఉండదు. ఏమీ చెప్పకుండా వంట మార్చేసి ఊరుకోవడం మూడో దారి, చాలామంది మగవాళ్ళకి అదే సులువుగా ఉంటుంది, మాటలు లేకుండానే అర్థమవుతుంది. కానీ వీడియో సంగతి ఆయనకి తెలిసి ఉంటే మాత్రం వంట మార్చడం ఒక్కటే సరిపోదు.

ఇక వెళ్ళాలా మానాలా అన్నది. మీ ముందు నాలుగు దారులున్నాయి, నాలుగింటికీ వాటి వాటి చిక్కులున్నాయి.

మానెయ్యడం. కొన్నాళ్ళు మానేస్తే ఆకాశమేమీ ఊడిపడదు, రెండేళ్ళు చేశారు, అలసిపోయి ఉంటారు. కానీ ఇప్పుడు, ఈ మాట మీద మానేస్తే ఆ మాట మీలోనే ఉండిపోతుంది, మీవారు అప్పుడప్పుడు "నేను చెప్పలేదా" అంటూనే ఉంటారు, నాన్న గుర్తొచ్చినప్పుడల్లా ఇది కూడా గుర్తొస్తుంది. మానాలనుకుంటే కేర్‌టేకర్‌కి ముందే చెప్పి, ఒక నెల గడువిచ్చి మానండి. చెప్పా పెట్టకుండా ఒక ఆదివారం రాకపోతే, ఆ రాత్రి మీ అన్నం కోసం చూసి బయట ఏమీ కొనుక్కోని వాళ్ళు పస్తుంటారు.

గ్రూపుతోనే ఉండి లోపల్నించి మార్చడం. పక్క ఫ్లాట్ ఆవిడ మీకు రోజూ కనపడే మనిషి, కారు ఆవిడది, అవసరానికి ఆదుకునేదీ ఆవిడే, స్నేహం పాడుచేసుకోకూడదనుకోవడం సహజం. అలాగైతే పెద్ద మార్పులు అడక్కండి. ఈ ఆదివారం పులిహోర బదులు అన్నం, టమాటా పప్పు, పెరుగు పట్టుకెళ్దాం అనండి, ఫోన్లు బ్యాగుల్లోంచి తియ్యొద్దనండి. ఆవిడ్ని తప్పుపట్టినట్టు మాట్లాడొద్దు, ఆవిడ కూడా రెండేళ్ళుగా పెట్రోలు పోసుకుని వస్తున్న మనిషే, అంతమందిలో అవమానం జరిగిందనుకుని కోప్పడ్డారు. ఈ దారిలో చిక్కేంటంటే మార్పు నెమ్మదిగా వస్తుంది, ఏడెనిమిది మందిలో అందరికీ నచ్చచెప్పేసరికి మీ ఓపిక అయిపోవచ్చు, ఎవరిదో మనవడి పుట్టినరోజు రాగానే మళ్ళీ కేకూ ఫొటోలూ మొదలవుతాయి.

మీ అమ్మాయి చెప్పిన దారి, డబ్బులు పంపడం. దీన్ని మీరు కొట్టిపారేసినట్టు రాశారు, నేను అలా కొట్టిపారెయ్యను. చాలా చోట్ల వండేవాళ్ళ కొరత కంటే సరుకుల కొరతే ఎక్కువ. నెలకో గ్యాస్ బండ, ఒక బస్తా బియ్యం, పది కిలోల కందిపప్పు, నూనె డబ్బా వేయించారంటే ఎన్నో రాత్రుళ్ళు గడుస్తాయి, పైగా అక్కడ ఉండేవాళ్ళలోనే వంటొచ్చినవాళ్ళుంటారు, ఫంక్షన్ హాళ్ళల్లో క్యాటరింగ్ పనికి పోయేవాళ్ళు చాలామంది ఇలాంటి చోట్లే తలదాచుకుంటారు. కాకపోతే నగదు ఎవరి చేతికీ ఇవ్వకండి, సరుకు వేయించి బిల్లు పెట్టుకోండి, షెల్టర్ నడిపే సంస్థ వాళ్ళని రిజిస్టర్‌లో రాయమనండి. దీంట్లో లోటు మీకే తెలుసు, మీకు కావాల్సింది మీ చేత్తో పెట్టడం. ఆ కోరిక ఉండటం తప్పు కాదు, కానీ అది మీ కోరిక అని గుర్తుంచుకుంటే చాలు, వాళ్ళ అవసరం అనుకోకండి.

నాలుగోది కేర్‌టేకర్ అడిగింది, వారం మధ్యలో ఒక రాత్రి అక్కడే వండటం. నన్నడిగితే నాకు ఇదే బాగా నచ్చింది, కానీ ఇదే అన్నిటికంటే కష్టమైనది కూడా. గ్రూపు వదిలెయ్యక్కర్లేదు, ఆదివారం వాళ్ళతో వెళ్తూనే నెలకి రెండు బుధవారాలు ఇది మొదలుపెట్టి చూడండి. ఒక్కరే వెళ్ళొద్దు, మీతో ఇంకో ఇద్దరైనా ఉండాలి, గ్రూపులో పైకి చెప్పకపోయినా ఒకరిద్దరికి మనసులో ఉండే ఉంటుంది, విడిగా అడగండి. మగవాళ్ళ మధ్య వంటేంటి అన్న భయాన్ని నేను తేలిగ్గా తీసెయ్యను, కేర్‌టేకర్ డ్యూటీలో ఉన్న టైమ్‌లోనే వెళ్ళండి, వెళ్ళే ముందు ఒకసారి పగటిపూట వెళ్ళి వంటగది, నీళ్ళు, పొయ్యి, బాత్రూం చూసుకుని రండి. చూశాక కూడా వద్దనిపిస్తే వద్దు, బలవంతమేమీ లేదు.

వెళ్తే మాత్రం కొన్ని సంగతులు ముందే తెలిసుండాలి. ఇంట్లో పదిమందికి వండిన అనుభవం అరవై మందికి సరిపోదు. రోజంతా కష్టం చేసి వచ్చిన మగవాళ్ళు కాబట్టి మనిషికి 130 గ్రాముల బియ్యం లెక్కన ఎనిమిది కిలోలు పడుతుంది. ఇంటి పొయ్యి లాంటి దాని మీద ఎనిమిది కిలోలు ఒకేసారి ఎసట్లో పోస్తే అడుగు మాడి పైన బియ్యం బియ్యంగానే ఉంటుంది, రెండు వాయిలుగా వండి గంజి వార్చుకోండి. పప్పుకి రెండున్నర కిలోల కందిపప్పు, ఐదారు కిలోల సొరకాయో టమాటానో, పెరుగు ఆరు లీటర్లు. గుడ్లు పెట్టగలిగితే రెండు ట్రేలు సరిగ్గా అరవై, ఉడకబెట్టడం తప్ప పనేమీ లేదు, ముసలివాళ్ళకి, టీబీ మందులు వాడేవాళ్ళకి దానికంటే మంచిది ఇంకోటి లేదు. మీ ఇంట్లో గుడ్డు ముట్టరేమో నాకు తెలీదు, ముట్టకపోతే గుడ్ల బదులు గట్టి పెరుగు ఇంకాస్త ఎక్కువ వెయ్యండి. కారం, పులుపు తగ్గించి పక్కన పచ్చడి గిన్నె పెడితే కావల్సినవాళ్ళు వేసుకుంటారు. చారు మాత్రం తప్పకుండా పెట్టండి, పళ్ళు లేని మనిషి చారన్నం కడుపునిండా తింటాడు.

టైమ్ సంగతి మెనూ కంటే ముఖ్యం. మీరు ఏడింటికి వెళ్ళి ఎనిమిదిన్నరకి వచ్చేస్తున్నారు, లేబర్ అడ్డా నుంచి పనికి పోయినవాళ్ళు, హోటళ్ళలో పనిచేసేవాళ్ళు చాలామంది ఎనిమిది దాటాకే వస్తారు. వాళ్ళకి అడుగున మిగిలింది చల్లారిపోయి దొరుకుతుంది లేదా అసలు దొరకదు. కోనసీమలో లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారి గురించి మీరు వినే ఉంటారు, 1841లో పుట్టి 1909 దాకా బతికిన ఆ మహాతల్లి ఒకసారి అంతర్వేది తీర్థానికి బయల్దేరితే, దారిలో ఒక పెళ్ళివారి గుంపులో పెద్దవాళ్ళు ఆకలితో ఏడుస్తున్న పిల్లల్ని "ఇంకాస్త ఓర్చుకోండి, గన్నవరం వెళ్తే సీతమ్మగారు అన్నం పెడతారు" అని ఊరుకోబెడుతుంటే విని, తీర్థం మానుకుని వాళ్ళకంటే ముందు ఇల్లు చేరి పొయ్యి వెలిగించారని చెప్పుకుంటారు. ఆవిడ అన్నం పెట్టింది ఆకలి వచ్చిన టైమ్‌కి. మనకి అంత శక్తి లేదు గానీ, కేర్‌టేకర్ని ఎంతమంది ఎన్నింటికి వస్తారో అడిగి ఆ రెండో వాయి అన్నం ఎనిమిదింటికి దించేలా చూసుకోవడం మన చేతిలో పనే.

మెనూ కూడా మీరొక్కరే అనుకోకండి. ముందు వారం కూర్చుని ఏం తినాలనుందో అడగండి. అడిగితే మటన్ అంటారేమో అని భయపడకండి, అంటే అనొచ్చు, మీరు చెయ్యలేనిది చెయ్యలేమని చెప్పొచ్చు. ఎక్కువమంది అడిగేది మామూలు ఇంటి కూరలే అయ్యుంటాయి. ఇంకో మాట, ఉల్లిపాయలు తరగడానికో గిన్నెలు దించడానికో వాళ్ళే చెయ్యి వెయ్యడానికి వస్తారు, రానివ్వండి, కానీ పనిచేస్తేనే అన్నం అన్నట్టు మాత్రం ఎప్పుడూ కాకూడదు. ఎవరైనా రోజూ వంట బాధ్యత తీసుకుంటానంటే దానికి డబ్బు ఇప్పించే ఏర్పాటు చూడాలి, మీ అమ్మాయి పంపమన్న డబ్బులు దానికి వాడొచ్చు కదా. వడ్డించేటప్పుడు వీలైతే వాళ్ళతోపాటు మీరూ కూర్చుని అదే అన్నం తినండి. ఉప్పు ఎక్కువైందో, పప్పు ఉడకలేదో మీకే తెలుస్తుంది.

మీవారి గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఆయనకి షెల్టర్ మీద కోపం లేదు, మిమ్మల్ని ఎవరో ఒక మాటన్నారని కోపం. వాదించకండి. బ్యాంకులో చేసినాయనకి పని లేకుండా కూర్చోవడం కష్టమే, అక్కడ ఉండేవాళ్ళకి బ్యాంకు పనుల్లో సాయం చాలా కావాలి. టీబీ పేషెంట్లకి పోషణ కోసం కేంద్రం ఇచ్చే సొమ్ము 2024 నవంబర్ నుంచి నెలకి వెయ్యి రూపాయలు చేశారు, అది నేరుగా బ్యాంక్ అకౌంట్‌లోనే పడుతుంది, అకౌంట్ లేనివాళ్ళకి, ఉన్నా ఆగిపోయినవాళ్ళకి అందడం కష్టం. ఆధార్, కేవైసీ ఫారాలు నింపి బ్రాంచికి తోడు వెళ్ళే మనిషి దొరికితే అరవై ప్లేట్ల అన్నం కంటే ఎక్కువ మేలు. అడిగి చూడండి, రాను అంటే వదిలెయ్యండి.

ఆ పెద్దాయన మళ్ళీ మీ చేతి అన్నం తింటాడా అని అడిగారు. చెప్పలేనమ్మా. తినొచ్చు, తినకపోవచ్చు, మీరు బుధవారం వెళ్ళేసరికి ఆయన ఆ షెల్టర్‌లోనే ఉండకపోవచ్చు, అక్కడి మనుషులు నిలకడగా ఉండరు, పని దొరికిన వైపు పోతారు. ఆయన వచ్చి తిని బాగుందంటేనే మీకు అన్నం సయిస్తుందని పెట్టుకోకండి, అలా పెట్టుకుంటే మళ్ళీ ఆయన నెత్తిన మీ బరువు పెట్టినట్టే. ఆయన చెప్పిన మాట వల్ల మిగతావాళ్ళకి చారన్నం దొరికితే దాని వెనక ఆయనే ఉన్నాడు, ఆయనకి తెలిసినా తెలియకపోయినా.

చివరగా ఆ పెళ్ళి భోజనాల సంగతి. తీసుకెళ్ళొచ్చు, కానీ చాలామంది చేసేలా రాత్రి పదకొండింటికి అందరూ తిన్నాక గుండిగల్లో మిగిలింది ఆటోలో పడేసి తీసుకెళ్ళడం మాత్రం వద్దు. అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి ఉంటుంది, ఉడికించినా దాని బీజాలు చావవు, గోరువెచ్చగా గంటల తరబడి వదిలేస్తే పెరిగి విషం తయారుచేస్తుంది, మళ్ళీ వేడిచేసినా ఆ విషం పోదు, ఎండాకాలం ఫంక్షన్ హాల్ వంటశాలలో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. మిగులు ఆహారం పంచడానికి, ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2019లో ప్రత్యేకంగా నిబంధనలు కూడా తెచ్చింది. మీరు చెయ్యాల్సింది క్యాటరింగ్ అతనితో ముందే మాట్లాడి, వడ్డన మొదలవ్వకముందే అరవై మందికి అన్నం, పప్పు, ఒక కూర హాట్‌బాక్సుల్లో వేరుగా తీయించడం. పొగలు కక్కేంత వేడిగా, అంటే 60 డిగ్రీలకి పైనే ఉండగా చేరాలి, పెరుగు ఐస్ పెట్టిన డబ్బాలో వెళ్ళాలి, దించిన రెండు గంటల్లోపు తినేయాలి. బిరియానీ, కొబ్బరి పచ్చడి, పాలతో చేసిన స్వీట్లు పంపకండి. ఆ రోజు ఇంకెవరైనా తెస్తున్నారేమో కేర్‌టేకర్‌కి రెండ్రోజుల ముందే ఫోన్ చేసి కనుక్కోండి, తెస్తున్నారంటే మీ వంటలు ఆ హాస్పిటల్ దగ్గరే పడిగాపులు పడి ఉండే పేషెంట్ల తాలూకు వాళ్ళకి పంపించొచ్చు. ఆ హాట్‌బాక్సులు పెళ్ళి రోజు మీరే పట్టుకుపోవాలనుకోకండి, పెళ్ళిలో మీకు కుదరదు, ఎవరు తీసుకెళ్తారో పేరుతో సహా ముందు రోజే ఖాయం చేసుకోండి.